నక్షత్రం గుర్తు గల ప్రశ్న

నూట యాభై మాటలు దాటకూడదు ప్రశ్న.
అది రూలు. ఇరవై ఏండ్లుగా ప్రశ్నలు టైపు చేస్తాండా.
ఎమ్మెల్యేలు నలుగురు మారినారు, నా కుర్చీ మారలేదు.
ఏ మాట నిలబడుతుందో, ఏది తిరుగు టపాలో వస్తుందో
నాకు తెలుసు.

పెన్నోబులేసు సారు మాత్రం
గుత్తి ఆఫీసులో, తిరగని ఫ్యాను కింద నిలబడి
"తాడు ఏడు జానలు. అదీ రాయప్పా" అన్నాడు.

జానలు రాయరు సార్, సెంటీమీటర్లు కావాల అన్నా.
"నా దగ్గరుండేది చెయ్యే" అన్నాడు.

ముందురోజు చూసొచ్చినాం.
రైలు కట్టకు ఇవతల, ఉసేనమ్మ రేకుల కొట్టం.
గుంజకు పలుపు. పలుపుకు వన్నూరు వలి.
పందొమ్మిదేండ్లు. మీసం వచ్చింది, మాట రాలేదు.
మమ్మల్ని చూసి నవ్వినాడు,
పండ్ల నిండా ఆ ఊరి బోరు నీళ్ల గోధుమ చారలు.
నడుము దగ్గర తాడు ఒరిసిన చోట
పసుపు పూసి ఉంది.

"కట్టెయ్యకపోతే పట్టాల మీదికి పోతాడు సార్.
రైలంటే వానికి పానం.
నేను చెనిక్కాయ చేనికి పోవాల గదా."
సంతలో ధర చెప్పినట్టు చెప్పింది.

సర్టిఫికెట్టు?
మూడుసార్లు స్లాటు వచ్చిందంట.
ఒకసారి అనంతపురంలో మనసు డాక్టరు సెలవు.
ఒకసారి వీడు అరిస్తే కండక్టరు పామిడిలో దించేసినాడు.
మూడోసారి డాక్టరూ ఉన్నాడు, వీడూ ఉన్నాడు,
కరెంటు లేదు.

ఆమె వద్దంటున్నా సారు నేల మీద కూచున్నాడు.
గుంజ కాడ్నుంచి జానలేసుకుంటా పోతే
ఏడోది వలి నడుముకు తగిలింది.
వాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.
డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టినా వదల్లేదు.

టైపు చేసినా:
అ) గుత్తి చుట్టుపక్కల మతి ఎదగని బిడ్డలను
పగటిపూట చూసుకునే కేంద్రం ఒక్కటైనా కలదా;
ఆ) బోరు నీటిలో ఫ్లోరైడు ఎంత, ఆరోగ్య కేంద్రంలో డాక్టరు
ఎన్ని నెలలుగా లేడు;
ఇ) మనిషిని ఏడు జానల పలుపుకు కట్టి కూలికి పోవడం
మానవ హక్కుల కిందికి వచ్చునా,
పశుసంవర్ధక శాఖ కిందికి వచ్చునా?

చివరి ముక్క నేను కొట్టేసినా.
సారు మళ్లీ రాయించినాడు.

జవాబు వచ్చింది.
అ) లేదండి.
ఆ) సమాచారం సేకరిస్తున్నారు.
ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఉత్పన్నం కావడమంటే పుట్టడం.
ఇన్నేండ్లు ఆ మాటను కొట్టిన వేళ్లకు
ఆ పొద్దే తెలిసింది.
మీసం వచ్చిన ప్రశ్న, ఇంకా పుట్టలేదంట.

టీవీలో చూసినా. అనుబంధ ప్రశ్నకు సారు లేచినాడు.
గంట మోగింది. మైకు దీపం ఆరింది.
గొంతు పోయినంక చెయ్యి చాపినాడు గాలిలో,
బొటనవేలు, చిటికెనవేలు, ఒకటి, రెండు...
వెనక వరసలో ఎవరో నవ్వినారు.
తర్వాత రికార్డులు తెప్పించి వెతికినా.
చేతులు రికార్డుకెక్కవు.
అంతరాయం, అని ఉంది.

వానలు మొదలైనంక మళ్లీ పోయినాం.
"ఏమన్నారు సార్?"
"అడిగినామ్మా."
"అడిగేది నేనూ అడుగుతాండా, దర్గాలో."
చెనిక్కాయలు ఒలిచేది ఆపకుండానే అనింది.
మాకూ చెరి దోసెడు పెట్టింది.

"మీరు కొలిచిపోయినంక నాకు సిగ్గేసింది సార్.
పాత చీర చించి పేనినా, తాడుకు అతుకేసినా.
ఇప్పుడు గడప దాటి కూచుంటాడు.
రైలు కనపడతాది."

కనపడింది. గూడ్సు.
ఆఖరి పెట్టె పోయేదాకా వలి చప్పట్లు కొట్టినాడు.

సారు ఈసారి కొలవలేదు.
చేతులు వెనక్కి కట్టుకుని వాన చూస్తా నిలబడినాడు.
ఎవరూ చూడకుండా నేనే వంగినా.
నా చెయ్యి చిన్నది.
పదకొండు.

వచ్చే సమావేశాలకు అదే ప్రశ్న.
ఏడు తీసేసి పదకొండు అని కొట్టినా.
ఎవరి జానలో రాయలేదు.
మాటలు లెక్కపెట్టుకున్నా:
నూట నలభై తొమ్మిది.